పాట కింద విజిల్

“వీడియో లేదు,” అన్నాడు భర్త, ఫోన్ తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టి.

టీచర్ కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. స్విమ్మింగ్ పూల్ పేజీ. తను నడుపుతూ ఫోన్‌తో లైవ్ ఇచ్చే వ్యాయామం క్లాసుల వీడియోలు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే పైన, పోయిన వారం క్లాసు ఉండాల్సిన చోట, ఒక బూడిద రంగు డబ్బా. అందులో ఒకే ముక్క. ఈ వీడియోలో వేరొకరి సంగీతం ఉన్నందున తొలగించాం.

“పాట వల్ల తీసేశారు,” అంది.

“ఏ పాట?”

“ఆ రోజు క్లాసులో పెట్టింది. కొత్త పాట పెట్టమని మెంబర్లు ప్రాణం తీస్తే పెట్టాను. మ్యూజిక్ కంపెనీ వాళ్ళ మిషన్ పట్టేసుకున్నట్టుంది.”

“అక్కడ మనిషి పోయాడు. వీళ్ళకి పాట పోయిందని ఏడుపా?”

లోపలి గదిలో మంచం కిర్రుమంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఆ గదిలో ఉన్నది భర్త తమ్ముడు. నడక రాకముందే ఈత వచ్చిందని, అత్తగారు మొదలుకొని ఇంట్లో అందరూ అతన్ని చేప అంటారు. మొన్నమొన్నటి దాకా అదే పూల్‌లో లైఫ్‌గార్డ్. ఇప్పుడు సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఎల్లుండి విచారణ కమిటీ అతని తప్పేమిటో తేల్చబోతోంది.

జరిగింది ఇది. లోతు తక్కువగా ఉన్న వైపు టీచర్ ఆడవాళ్ళ చేత నీళ్ళలో వ్యాయామం చేయిస్తోంది. రెండో వైపు, లోతులో, రిటైరైన రైలు డ్రైవర్ ఒకాయన ఒక్కడే ఈదుతున్నాడు. ఉన్నట్టుండి మునిగిపోయాడు. చేప దూకి పైకి లాగాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. గట్టు మీదే ఆయన ప్రాణం పోయింది.

గోడ మీది సీసీ కెమెరా అంతా చూసింది. చూడటమే తప్ప దానికి వినడం రాదు. అందులో చేప ఎత్తు కుర్చీ దిగుతాడు. లోతు వైపు చూస్తాడు. తర్వాత, దూకాల్సిన వాడు, ఆడవాళ్ళ క్లాసు వైపు తిరిగి నిలబడిపోతాడు. ఒక గ్లాసు మంచినీళ్ళు నిదానంగా తాగేంత సేపు. అప్పుడు దూకుతాడు. ఆ ముక్క ఎవరి ఫోన్లోంచి బయటికొచ్చిందో గానీ ఊరంతా తిరిగింది. ‘ఆడవాళ్ళని చూస్తూ నిలబడ్డ లైఫ్‌గార్డ్’ అని కింద రాసి మరీ పంపుకున్నారు.

చేప చెప్పింది వేరు. “పొడుగ్గా విజిల్ ఊదాను. రెండుసార్లు. వదిన చేయెత్తుతుందేమోనని చూశాను.”

పూల్‌లో నియమం అది. క్లాసు నడుస్తుండగా లైఫ్‌గార్డ్ కుర్చీ వదిలితే నీళ్ళలో ఉన్నవాళ్ళందరూ కాపలా లేకుండా పోతారు. అందుకని అతను పొడుగు విజిల్ ఊదాలి. టీచర్ పాట ఆపి చేయెత్తాలి. ‘వీళ్ళు నా బాధ్యత, నువ్వు వెళ్ళు’ అని దానర్థం. ఆ చెయ్యి లేచేదాకా అతను దూకకూడదు.

టీచర్ చేయెత్తలేదు. మొదటి రోజు కమిటీ అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. “నాకు విజిల్ వినపడలేదండీ.”

ఆ మాట చెప్పి ఇంటికొచ్చినప్పటి నుంచీ చేప ఆమెతో మాట్లాడటం లేదు. తప్పు తేలితే అతని లైసెన్సు పోతుంది, పోలీసు కేసు పడుతుంది. ఇక ఏ పూల్ గేటూ అతన్ని లోపలికి రానివ్వదు. అతనికి వేరే పనేదీ రాదు.

“ఆ లైవ్‌లో చప్పుడు కూడా రికార్డయింది కదా?” అన్నాడు భర్త. “విజిల్ ఊదాడో లేదో అదే తేల్చేస్తుంది.”

“నా ఫోన్లో కాపీ లేదు. లైవ్ నేరుగా పేజీ మీదికి వెళ్ళిపోతుంది. అయిపోగానే మిషన్ విని తీసేసినట్టుంది. ఎవరూ చూసి ఉండరు.”

“మరి తిరిగి రప్పించలేమా?”

“మేనేజర్‌ని అడగాలి. పేజీ మా ఇద్దరి చేతిలో ఉంది.”

*

మర్నాడు పొద్దున పూల్ ఖాళీగా ఉంది. నీళ్ళు కదలటం లేదు. ఎత్తు కుర్చీ మీద ఎవరో తువ్వాలు ఆరేశారు.

మేనేజర్ తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని బొటనవేలి గోరు కొరుకుతున్నాడు. ఆమెని చూడగానే కుర్చీ చూపించాడు.

“కూర్చో టీచర్. నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా. చూశావుగా, కాపీరైట్ గొడవ. ఇలాంటివి ఇంకో రెండు పడితే పేజీ మొత్తం మూసేస్తారట. పిల్లల క్లాసులకి చేరేవాళ్ళంతా ఆ పేజీ చూసే వస్తారు.”

“అయితే ఏం చేద్దాం?”

“ఇక్కడ రెండు దారులిచ్చాడు. ఒకటి, ఆ పాట వాడటానికి మాకు హక్కుంది అని ఎదురు తిరగడం. అది మనకెలాగూ లేదు. రెండోది, ఒప్పుకుంటున్నాను అని నొక్కడం. వీడియో శాశ్వతంగా పోతుంది, మచ్చ కూడా పోతుంది. ఈ మధ్యాహ్నం నొక్కేస్తా.”

“నొక్కకండి సార్. మా మరిది విజిల్ ఊదాడో లేదో అందులో ఉంటుంది.”

మేనేజర్ గోరు కొరకడం ఆపాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

“అందులో ఏముందో నీకు తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు. ఇద్దరికీ తెలియకుండా ఉండటమే మంచిది.” గొంతు తగ్గించాడు. “నీకు గొంతు పోయిందని, అరవద్దని డాక్టర్ చెప్పాడని నువ్వు ఏడిస్తే, విజిల్ కొనిచ్చిందెవరు?”

“మీరే,” అంది.

అది నిజం. కొన్ని నెలలుగా ఆమె క్లాసులో అరవడం లేదు. దిక్కు మార్చాలంటే విజిల్ ఊదుతుంది. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి. చేప వాడే రకమే, అదే షాపులో కొన్నది. చేప అప్పుడే అన్నాడు, “వదినా, ఒక పూల్లో రెండు విజిళ్ళేంటి? వద్దు.” ఆమె నవ్వేసింది. “నాది చిన్న కూత రా, నీది పెద్ద కూత. మా ఆడవాళ్ళకి ఆ మాత్రం చెవులున్నాయిలే.”

“కమిటీకి ఆ సంగతి చెప్పావా?” అన్నాడు మేనేజర్.

“వాళ్ళు అడగలేదు.”

“నేనూ చెప్పలేదు. అలాగే ఉండనీ. పాట చేసిన మేలు అనుకో.”

ఆమె లేచింది. “సాయంత్రం దాకా ఆగండి సార్.”

“భోజనం దాకా ఆగుతా. ఆ తర్వాత నన్ను అడక్కు.”

*

భర్తకి టైర్ల షాపు. షాపు వ్యానులోనే మ్యూజిక్ కంపెనీకి బయల్దేరారు. వెనక టైర్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. రెండు సిగ్నళ్ళు దాటాక ఆమె విజిల్ సంగతి చెప్పింది.

భర్త గేరు మార్చాడు.

“కమిటీ వాళ్ళు అడగలేదు, నువ్వు చెప్పలేదు.”

“నాకు అప్పుడు తట్టలేదు.”

“సరే.”

“నిజంగా తట్టలేదు.”

“సరే అన్నాగా. ఒట్టెయ్యమన్నానా?” ముందున్న లారీ మీద హారన్ కొట్టాడు. “వాడు నా తమ్ముడు. నువ్వు నా పెళ్ళానివి. నన్ను మధ్యలో పెట్టి ఇద్దరూ చెరో చెయ్యి లాగుతున్నారు. టైరైతే ఈపాటికి పేలేది.”

ఆమెకి నవ్వు రాలేదు. అతనూ నవ్వించాలని అనలేదు.

కంపెనీ ఒక పెద్ద భవనం నాలుగో అంతస్తులో ఉంది. గోడలనిండా గాయకుల ఫోటోలు. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి, “ఆన్‌లైన్లో అభ్యంతరం పెట్టండి, నెల లోపు జవాబొస్తుంది,” అని తల కూడా ఎత్తకుండా చెప్పింది. భర్త బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

“అమ్మా, నెలలో మా తమ్ముడు జైల్లో ఉంటాడు. ఎవరైనా మనిషితో మాట్లాడించు. మిషన్‌తో ఇప్పటికే మాట్లాడాం.”

ఆ అమ్మాయి అతని గ్రీజు చేతుల వైపు, బల్ల మీద పడ్డ మరకల వైపు చూసి ఫోన్ తీసింది. కాసేపటికి టీచర్ని ఒక్కదాన్నే లోపలికి రమ్మన్నారు.

హక్కుల విభాగంలో ఉన్నావిడకి నడివయసు. చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు, పక్కన చల్లారిన టీ. తెర మీద వీడియోల వరస కిందికి జారుతూనే ఉంది.

“చెప్పండి, మీదేమిటి? పెళ్ళా, పుట్టినరోజా?” అంది, హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుతూ. “నిన్న ఒకాయన వచ్చాడు. కూతురు మొదటిసారి నడిచిన వీడియో. వెనక టీవీలో మా పాట. పిల్ల నడుస్తుంటే టీవీ ఆపాలని ఎవరికి తడుతుంది చెప్పండి! పాపం అనిపిస్తుంది. కానీ ఇక్కడ పాపాలకి బటన్ లేదండీ.”

“మాది చావు,” అంది టీచర్.

ఆవిడ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

టీచర్ మొత్తం చెప్పింది. రెండు విజిళ్ళ సంగతి తప్ప.

ఆవిడ పేజీ వివరాలు అడిగి, వెతికి, వీడియో తెరిచింది. “తీసేసినా మాకు కనిపిస్తుంది, పోల్చి చూడటానికి. ఇదిగో, ఈ ఆకుపచ్చ గీత ఉన్నంత మేరా మా పాటే. మిగతా చప్పుళ్ళతో మిషన్‌కి పనిలేదు.” ఇంకో హెడ్‌ఫోన్ తీసి వైరు తగిలించి ఇచ్చింది. “నేనూ వినాలి. వినకుండా ఏం చేసినా నా ఉద్యోగానికి ఎసరు.”

పాట మొదలైంది. ఎక్కడికెళ్ళినా మోగుతున్న ఆ హుషారు పాట. దాని కింద నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు. తెర మీద టోపీలు పెట్టుకున్న తలలు వరసగా ఊగుతున్నాయి. గట్టు మీద తను, వీపు కెమెరా వైపు. వెనక ఒక మూల ఎత్తు కుర్చీ.

చిన్న కూత. అందరూ కుడికి తిరిగారు. అది తనదే.

పాట పల్లవి దాటి చరణంలోకి వెళ్ళింది. మూలన చేప కుర్చీ దిగాడు.

పొడుగు విజిల్.

సన్నగా ఉంది, పాట కింద నలిగిపోయి ఉంది, కానీ ఉంది. ఆ వెంటనే నీళ్ళలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఎడమకి తిరిగారు. తన గొంతు వినిపించింది, నవ్వుతూ.

“అరే, నేనింకా ఊదందే! ఎవరికమ్మా అంత తొందర? సరే, ఎడమకే పదండి!”

చేప ఆమె వైపే చూస్తున్నాడు.

రెండో విజిల్. అందరూ కుడికి తిరిగారు. నవ్వులు. మళ్ళీ తన గొంతు. “మీలో ఎవరో విజిల్ తెచ్చుకుని నన్ను ఆట పట్టిస్తున్నారు. దొరక్కపోరు!”

ఆ తర్వాత, చరణం చివర, వాద్యాలు కాస్త తగ్గిన చోట ఒక కేక.

“వదినా!”

నీళ్ళలోకి ఎవరో దూకిన చప్పుడు. ఇంకొంతసేపు పాట. చివరికి ఎవరో కెవ్వుమంటే తను తల తిప్పింది.

ఆవిడ వీడియో ఆపింది. టీచర్ హెడ్‌ఫోన్లు తీయలేదు. కమిటీ ముందు తను అబద్ధం చెప్పలేదు. అంతకంటే దారుణం చేసింది. విన్నది, నవ్వింది, మనిషి చచ్చిపోయిన గందరగోళంలో ఆ నవ్వునే మరిచిపోయింది.

“ఆ గొంతు మీదేనా?” అంది ఆవిడ మెల్లగా.

“నాదే.”

“ఇది బయటికొస్తే మీ మరిది గట్టెక్కుతాడు. మరి మీరు?”

టీచర్ ఆగిపోయిన తెర వైపే చూసింది.

“నేనేం చేయకపోతే ఏమీ జరగదు. ఇది ఇలాగే పోతుంది. మీరు విన్నారని ఎవరికీ తెలీదు. నేను రోజుకి వందలు వింటాను, సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు.” ఆవిడ టీ కప్పు జరిపింది. “చెయ్యమంటే చేస్తా, వద్దంటే మానేస్తా. మీ ఇష్టం.”

టీచర్ చేతిలో ఫోన్ అదిరింది. మేనేజర్.

“భోజనం అయిపోయింది టీచర్. పేజీ తెరిచా. నొక్కేస్తున్నా, ఏమంటావు?”

“ఒక్క నిమిషం సార్.”

“నీకోసమే చేస్తున్నా. రేపు నాకు దణ్ణం పెడతావు చూడు.”

ఆమె ఫోన్ మీద చెయ్యి మూసింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. “అక్కడ ఆయన మనకంటే ముందే నొక్కితే, నా దగ్గర కూడా పోతుంది. అప్పుడు ఎవరి వల్లా కాదు.”

గోడ మీద ఎవరో గాయకుడు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. టీచర్‌కి ‘వదినా’ అన్న ఆ కేక మళ్ళీ వినిపించింది. పాట కింద, వాద్యాలు తగ్గిన చోట.

“విడుదల చేయండి,” అంది.

“ఖాయమేనా?”

“చేయండమ్మా, త్వరగా!”

ఆవిడ తెర మీద ఏదో నొక్కింది. చిన్న కిటికీ తెరుచుకుంది. ఆవిడ ముఖం చిట్లించింది. “కారణం అడుగుతోంది. రెండే ఇచ్చాడు. మా పొరపాటు, లేదా మా అనుమతి ఉంది. పొరపాటు కాదు, పాట మాదే. అనుమతి అంటే ఎవరిచ్చారో రాయాలి.”

“టీచర్? ఉన్నావా?” ఫోన్లో మేనేజర్.

“ఉన్నాను సార్. ఆ పేజీలో ఇంకో విషయం చూడాలి, పిల్లల క్లాసుల వీడియోల్లో కూడా పాటలున్నాయేమో...”

“పిల్లల క్లాసులా? వాటిలోనూ పెట్టి కొంప ముంచావా ఏం?”

“చూడండి, కిందికి వెళ్ళి చూడండి.”

ఆవిడ ఒక క్షణం కీబోర్డు వైపు చూసింది. తర్వాత తన పేరే కొట్టి ఎంటర్ నొక్కింది. “అడిగితే చెప్పుకుంటాలే. వెళ్ళి ముందు డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత ఆయన ఏది నొక్కినా పర్వాలేదు.”

*

వరండాలో నిలబడి, వీడియో మొత్తం ఫోన్లోకి దిగేదాకా ఆమె తెర మీంచి కళ్ళు తీయలేదు. దిగాక మేనేజర్‌కి చెప్పింది.

“నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు. నన్ను మాత్రం అందులోకి లాగకు,” అని పెట్టేశాడు.

వ్యానులో భర్త అడిగాడు. “దొరికిందా?”

“దొరికింది.”

“ఊదాడా?”

ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది. అతను ఇంజన్ ఆపి, ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. ఫోన్ తిరిగిచ్చి వ్యాను తీశాడు. ఇంటికి తిరగాల్సిన మలుపు దాటిపోయాడు. ఆమె చెప్పలేదు. చాలా దూరం వెళ్ళాక అతనే వెనక్కి తిప్పాడు.

“వాడికి ఇప్పుడే చెప్పనా?”

“వద్దు. రేపు అక్కడే విననీ. ఇంట్లో వాడి ముఖం చూడలేను.”

“అక్కడ చూడగలవా?”

“అక్కడ తప్పదు కదా.”

*

విచారణ పూల్ పక్కనే ఉన్న గదిలో. క్లోరిన్ వాసన కిటికీల్లోంచి వస్తోంది. కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ మాట్లాడితే మిగతా ఇద్దరూ రాసుకుంటున్నారు. ఒక పక్క మేనేజర్. ఇంకో పక్క చనిపోయిన రైలు డ్రైవర్ కూతురు. తండ్రి చేతి గడియారం ఆమె చేతికి వదులుగా వేలాడుతోంది. చేప ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

“కొత్తగా చెప్పేదేమైనా ఉందా?” అంది పెద్దావిడ.

టీచర్ లేచింది. “నా మాట మార్చుకోవాలండీ.”

చేప తల ఎత్తాడు.

“విజిల్ వినపడలేదని చెప్పాను. వినపడింది. నా దగ్గర కూడా ఒక విజిల్ ఉంది, క్లాసు కోసం వాడతాను. ఆ సంగతి చెప్పలేదు. మిగతాది ఈ వీడియోలో ఉంది, పాట వాళ్ళే విడుదల చేశారు.”

మేనేజర్ కుర్చీలోంచి సగం లేచాడు. “మేడమ్, ఆ వీడియో కాపీరైట్ కింద తీసేసింది. దాన్ని చూడటమే నేరం.”

“పాట వాళ్ళకి లేని బాధ మీకెందుకండీ?” అంది పెద్దావిడ. “కూర్చోండి.”

లాప్‌టాప్ మీద పెట్టారు. చావు మీద విచారణ జరుగుతున్న ఆ గదిలో హుషారు పాట మొదలైంది. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. మొదటి విజిల్, ఆడవాళ్ళ మలుపు, టీచర్ నవ్వు. రెండో విజిల్. మళ్ళీ నవ్వు. కేక.

తన గొంతు తనే విని చేప కళ్ళు మూసుకున్నాడు.

పెద్దావిడ వీడియో ఆపింది. “సీసీ కెమెరాలో ఈ అబ్బాయి అటు తిరిగి నిలబడింది...”

“నా చెయ్యి కోసమండీ,” అంది టీచర్. “నేను ఎత్తలేదు.”

“మీ క్లాసు విజిల్ ఎవరిచ్చారు మీకు?”

టీచర్ మేనేజర్ వైపు చూడలేదు. “గొంతు బాగాలేదంటే సార్ కొనిచ్చారు. వాడింది నేను. వద్దని మా మరిది చెప్పినా వాడాను.”

మేనేజర్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. రాసుకునేవాళ్ళు రాసుకున్నారు.

“మళ్ళీ పెట్టండి,” అంది ఎవరో.

చనిపోయినాయన కూతురు. అప్పటిదాకా ఆమె నోరు తెరవలేదు. మళ్ళీ పెట్టారు. వింది. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి పెట్టారు. ఆమె ముందుకి వంగి, లాప్‌టాప్‌కి చెవి ఆనించినంత దగ్గరగా వచ్చి వింది. గడియారం జారి మణికట్టు మీద తిరిగింది.

“ఈ పాట తీసేసి వినిపించడానికి కుదురుతుందా?”

పెద్దావిడ పక్కనున్న ఇద్దరి వైపూ చూసింది.

“మా నాన్న పిలిచారేమో. ఎవరినైనా. పాట అడ్డొస్తోంది.” టీచర్ వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉంటుందని టీచర్ సిద్ధపడి ఉంది. కోపం లేదు. అదింకా కష్టంగా ఉంది. “మీరు అక్కడే ఉన్నారుగా. పిలిచారా?”

ఆ వేళ నవ్వుతూ నిలబడ్డదాన్ని, ఏం చెప్పను, అనుకుంది టీచర్.

“పిలవలేదమ్మా,” అన్నాడు చేప.

కూతురు అతని వైపు చూసింది. వారమంతా ఊరు తిట్టిపోసిన మనిషి వైపు.

“మునిగేవాళ్ళు పిలవలేరు. ఊపిరికే సరిపోదు, ఇంక గొంతుకెక్కడిది? మీ నాన్నగారు చప్పుడు చేయలేదు. తల వెనక్కి వాలింది, అంతే. అది చూసే నేను కుర్చీ దిగాను.” లాప్‌టాప్ వైపు చూశాడు. “పాట లేకపోయినా మీకు వినిపించేది ఏమీ లేదు. ఉన్నదల్లా నేను అరిచింది. దిగగానే దూకాల్సింది. రూలని ఆగాను.”

“దూకితే బతికేవారా?”

“తెలీదమ్మా. తెలిస్తే చెప్పేవాణ్ణి.”

ఆమె తనే చెయ్యి చాచి లాప్‌టాప్ మూత మెల్లగా దించింది.

చేప తప్పేమీ లేదని పెద్దావిడ అక్కడే ప్రకటించింది. టీచర్ని ఆ రోజు నుంచే పనిలోంచి తీసేశారు. ఆమె మీద, మేనేజర్ మీద తదుపరి చర్యలు ఏమిటన్నది పైవాళ్ళు తేలుస్తారు. మేనేజర్ అందరికంటే ముందు బయటికెళ్ళిపోయాడు.

గేటు బయట భర్త వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. వెనక తలుపు తెరిచి, కూర్చోవడానికి వీలుగా టైర్లు ఒక పక్కకి నెట్టడం మొదలుపెట్టాడు.

టీచర్, చేప కాసేపు ఎండలో నిలబడ్డారు.

“నువ్వు పిలిచావు,” అంది ఆమె. “నేను విని ఉండాల్సింది.”

చేప పూల్ గోడ వైపు చూస్తున్నాడు.

“కోపంగా ఉందా నా మీద?”

“ఉంది వదినా.” గొంతులో అరుపు లేదు. “చాలా రోజులు ఉంటుంది. తగ్గాక నేనే చెప్తా.”

“ఒరేయ్, ఎక్కుతారా లేదా?” భర్త వెనక నుంచి అరిచాడు. “ఈ టైర్లు నేను ఎంతసేపు పట్టుకోవాలి?”

“వస్తున్నాం అన్నయ్యా,” అన్నాడు చేప. ఆమె ఎక్కడానికి వీలుగా తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకున్నాడు. “ఎక్కు వదినా. అమ్మ అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటుంది.”